దుబాయ్ నుంచి వచ్చిన ఆరంగుళాల టీవీ

(జగిత్యాలలో ఒక ఆదివారం సాయంత్రం, నలభై ఏళ్లుగా టీవీలు బాగుచేస్తున్న ఒక మెకానిక్ చెప్పిన మాటలివి. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని టైపు చేశాం. తడబాట్లు మాత్రం తీసేశాం.)

అందరికీ నమస్కారం. ముందే ఒక మాట చెప్పేస్తాను. నేను లెక్చరర్‌ను కాను, టీవీ మెకానిక్‌ను. 1985లో స్క్రూడ్రైవర్ పట్టాను, ఇంకా దింపలేదు. ఇట్లా నిలబడి మాట్లాడటం నాకు అలవాటు లేదు. నేను మాట్లాడేదంతా టీవీ వెనకాల కూర్చునే. ముందు కూర్చున్నాయనను అడుగుతుంటాను: "బొమ్మ వచ్చిందా? ఇప్పుడు? ఇప్పుడు వచ్చిందా?" నలభై ఏళ్లు అదే మాట. ఈ రోజు మధ్యలో టీవీ అడ్డం లేదు, మీ మొహాలు నేరుగా కనిపిస్తున్నాయి, అందుకే కొంచెం టెన్షన్‌గా ఉంది.

ఈ బల్ల మీదున్నదాన్ని చూడండి. వెనక కూర్చున్నవాళ్లకు రేడియోలా కనిపిస్తుందేమో. రేడియో కాదు, కలర్ టీవీ. బొమ్మ మూల నుంచి మూలకు ఆరు అంగుళాలు. మీ చేతుల్లో ఉన్న ఫోన్లు కొన్ని దీనికంటే పెద్దవి. పైన హ్యాండిల్, పక్కన లాగే ఏరియల్, వెనక రెండు సాకెట్లు. ఒకటి ఇంటి కరెంటుకు, ఇంకొకటి 12 వోల్టుల బ్యాటరీకి. జపాన్‌లో తయారైంది. కంపెనీ పేరు చెప్పను, ఎందుకంటే ఇందులో జరిగిన తప్పు కంపెనీది కాదు. ఎవరిదో తర్వాత చెబుతాను. ఈ టీవీ ఎవరిదో ఆ చెల్లె కూడా ఇక్కడే ఉంది, రెండో వరుసలో. పేరు చెప్పొద్దంది.

మన దగ్గర ఇట్లాంటి టీవీలు ఎట్లా వచ్చాయో మీలో సగం మందికి తెలుసు. గల్ఫ్ నుంచి. మన దేశంలో కలర్ మొదలైంది 1982లో. ఆగస్టు పదిహేను వేడుక, తర్వాత ఢిల్లీలో ఆసియా క్రీడలు. అప్పుడు మన ఊళ్లలో కలర్ టీవీ అంటే పెద్ద మాట. బ్లాక్ అండ్ వైటే దిక్కు. హైదరాబాద్ ఈసీఐఎల్ వాళ్ల ఈసీ టీవీ, మద్రాసు నుంచి డయనోరా, సాలిడేర్. పెద్ద చెక్కపెట్టె, దానికి తలుపులు, ఆ తలుపులకు తాళం. కానీ దుబాయ్ పోయినాయన రెండేళ్లకో మూడేళ్లకో తిరిగి వస్తే, బొంబాయిలో విమానం దిగి బస్సులో ఊరికి వస్తూ ఒక అట్టపెట్టె ఒళ్లో పెట్టుకుని వచ్చేవాడు. అట్టపెట్టెలో ఇది. పెద్దది తెస్తే కస్టమ్స్ బాధ, మోత బాధ. చిన్నదైతే ఒళ్లో పడుతుంది.

ఇంకో సంగతి. దుబాయ్ నుంచి తెచ్చిన టీవీ ఇక్కడ పని చేసేది, అమెరికా నుంచి తెచ్చింది చేసేది కాదు. ఎందుకు? దుబాయ్‌లోనూ రంగు పంపడానికి పాల్ (PAL) అనే పద్ధతే, మన దూరదర్శన్‌దీ పాల్ పద్ధతే. బొమ్మను గీసేది అక్కడా 625 గీతలతో, ఇక్కడా 625 గీతలతో. కరెంటు కూడా మనలాంటిదే. ప్లగ్గు ఒక్కటే తేడా. అక్కడివి నలుపలక పిన్నులు, మనవి గుండ్రటివి. వచ్చిన రోజే ఆ ప్లగ్గును కోసి పారేసి మనది బిగించేవాళ్లం. అమెరికాది అట్లా కాదు. అక్కడ 525 గీతలు, రంగు పంపే పద్ధతి వేరు, కరెంటు 110 వోల్టులు. తెచ్చినాయన సంబరంగా మన ప్లగ్గులో పెడతాడు, టప్‌మంటుంది. అట్లాంటివి మూడు నా చేతికొచ్చాయి. ఒకటి బాగుచేసి వెలిగించాను కూడా. వెలిగి ఏం లాభం, మన దూరదర్శన్ బొమ్మ అందులో నిలబడదు కదా. వాళ్లింట్లో అది పూలకుండీ పెట్టే స్టాండైంది.

ఈ టీవీ సంగతికి వస్తా. పోయిన ఎండాకాలం ఈ చెల్లె షాపుకు వచ్చింది. పాత చీరలో మూట కట్టి తెచ్చింది. "అన్నా, మా బాపు 87ల దుబాయ్ నుంచి తెచ్చిండు. ఇరవై ఏండ్లకు పైగా సజ్జ మీదనే ఉంది. ఇల్లు ఖాళీ చేస్తున్నం. ఇది నడుస్తదా?" నేను ఏమీ అనకముందే ప్లగ్గు తీసి నా బోర్డు వైపు చెయ్యి చాపింది. నేను ఎంత గట్టిగా "ఆగు" అన్నానో తనను అడగండి. పక్క షాపాయన బయటికి వచ్చి చూశాడు.

మీరు గుర్తుపెట్టుకోవాల్సింది ఇదొక్కటే అయినా నాకు చాలు. చాలా ఏళ్లు పడి ఉన్న టీవీకి ముందు కరెంటు ఇవ్వకూడదు. మనకు ఆత్రం ఉంటుంది కదా, వెలుగుతుందా లేదా అని. ఆ ఒక్క నిమిషం ఆత్రమే దాని ప్రాణం తీస్తుంది. ఎందుకంటారా? లోపల కండెన్సర్లు ఉంటాయి, అంటే కరెంటును కాసేపు దాచుకునే భాగాలు. అందులో ఎలక్ట్రోలైటిక్ కండెన్సర్ అంటే చిన్న అల్యూమినియం డబ్బా. లోపల రేకులు, తడి కాగితం. ఆ తడే దాని బలం. ఇరవై ఏళ్లు సజ్జ మీద, మన ఎండలకు, రేకుల కింద ఉంటే ఆ తడి ఏమవుతుంది? కొన్నింట్లో ఎండిపోతుంది. కొన్నింట్లో కారుతుంది. ఎండింది పని చేయదు, అంతే. కారింది మాత్రం కింద ఉన్న రాగి గీతలను తినేస్తుంది. ఇంకొన్ని షార్ట్ అవుతాయి. అప్పుడు కరెంటు ఇస్తే పోయేది పది రూపాయల కండెన్సర్ ఒక్కటే కాదు, దాని వెనకనున్న ట్రాన్సిస్టర్, ఐసీ అనే చిప్పు కూడా. ఆ ఐసీ ఇప్పుడు ఎక్కడ దొరుకుతుంది?

అందుకే మొదట విప్పాలి. చూడాలి. వాసన చూడాలి. నవ్వకండి, నిజంగానే వాసన. కారిన కండెన్సర్ దగ్గర చేపల వాసన వస్తుంది. ఈ టీవీ వెనక డబ్బా విప్పగానే నాకు బజారు రోజు గుర్తొచ్చింది.

విప్పాక లోపల చెయ్యి పెట్టేముందు ఇంకొక జాగ్రత్త ఉంది, అది చెప్పకుండా ముందుకు పోతే తప్పవుతుంది. పిక్చర్ ట్యూబ్‌కు పైన నల్ల రబ్బరు టోపీ ఉంటుంది, దానికి ఎర్ర వైరు. ఇంటి 21 అంగుళాల పాత టీవీల్లో అక్కడ 25 వేల వోల్టుల దాకా ఉండేది. ఇది చిన్నది కాబట్టి తక్కువ, అయినా వేలల్లోనే. స్విచ్ ఆపినా, ప్లగ్గు తీసినా ఆ కరెంటు ట్యూబ్ గాజులో నిల్వ ఉంటుంది. ట్యూబే ఒక పెద్ద కండెన్సర్ అన్నమాట. కాబట్టి పొడుగు స్క్రూడ్రైవర్‌కు ఒక వైరు కట్టి, ఆ వైరు రెండో కొసను ట్యూబ్ వెనక అల్లికలా ఉండే రాగి తీగకు బిగించాలి. తర్వాత స్క్రూడ్రైవర్ మొనను టోపీ కిందికి మెల్లగా దూర్చాలి. ఒక చెయ్యి జేబులోనే. రెండు చేతులూ లోపల పెడితే కరెంటుకు దారి మీ గుండె మీదుగానే. టక్‌మని చిన్న మెరుపు వస్తుంది. అయిపోయిందనుకోకండి. పావుగంట ఆగి ఇంకోసారి పెట్టాలి, కొంత మళ్లీ పుట్టుకొస్తుంది. నా మొదటి ఏడాదిలో ఆ రెండోసారి పెట్టలేదు. కుర్చీతో సహా గోడకు కొట్టుకున్నాను. ఇంట్లో ప్రయోగాలు చేసే పిల్లలుంటే, వాళ్లు కూడా ఈ పని తెలిసినవాళ్ల పక్కన కూర్చునే నేర్చుకోవాలి.

లోపల ఏం కనిపించింది? దుమ్ము. రెండు బల్లి గుడ్లు, ఖాళీవి. ఒక మూల రాగి గీతల మీద ఆకుపచ్చగా చిలుము. ఇత్తడి బిందెకు పట్టినట్టే. అదే చేపల వాసన వచ్చిన చోటు. ఈ చిలుమును పాత టూత్‌బ్రష్‌తో, స్పిరిట్‌తో కడిగాను. రెండు గీతలు తెగి ఉన్నాయి, సన్న తీగలతో అతికాను. ఇదంతా చెప్పడానికి ఒక్క మాటే కానీ, చేయడానికి ఒక పూట పట్టింది. ఆ పూటంతా చెల్లె ఫోన్ చేస్తూనే ఉంది, "వెలిగిందా అన్నా?" అని.

తట్టితే వచ్చే బొమ్మ

ఒకటి అడుగుతాను, నిజం చెప్పండి. మీలో ఎంతమంది టీవీని కొట్టారు? చేతులెత్తండి. అబ్బో, ఇంతమందా! పెద్దవాళ్లంతా ఎత్తారు. పిల్లలూ, మీరు అడగండి ఇంట్లో. పక్కన ఒక చోటు ఉండేది, అక్కడ చేత్తో ఒక్కటిస్తే బొమ్మ వచ్చేది. ఇంట్లో అందరికీ ఆ చోటు తెలియదు, ఒకరికే తెలుసు. సాధారణంగా నాన్నకు. ఇంతకీ దెబ్బకు బొమ్మ ఎందుకొచ్చేది?

డ్రై సోల్డర్ వల్ల. కిట్ మీద, అంటే లోపలి సర్క్యూట్ బోర్డు మీద, ఎల్ఓటీ అని ఒక బరువైన ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది. ఎక్కువ వోల్టులు పుట్టించేది అదే. టీవీ వేస్తే వేడెక్కుతుంది, ఆపితే చల్లారుతుంది. వేడికి సాగి, చలికి ముడుచుకుని, ఏళ్ల తరబడి అట్లాగే జరిగితే దాని కాళ్ల చుట్టూ ఉన్న లెడ్, అంటే అతికించిన టంకం, గుండ్రంగా చిట్లుతుంది. వెంట్రుకంత చీలిక. భూతద్దంలో చూస్తే కాలి చుట్టూ నల్లని ఉంగరంలా కనిపిస్తుంది. తడితే ఆ చీలిక అతుక్కుంటుంది, బొమ్మ వస్తుంది. కాసేపటికి విడిపోతుంది, మళ్లీ తట్టాలి. మీరు కొట్టిన ప్రతి దెబ్బా ఆ చీలికను ఇంకొంచెం పెద్దది చేసింది. ఇప్పుడు చెప్పి లాభం లేదనుకోండి.

ఈ టీవీలో ఎల్ఓటీ కాళ్లలో మూడింటికి ఆ ఉంగరాలున్నాయి. ట్యూబ్ మెడకు ఉండే తీగ చుట్టను యోక్ అంటాం, దాని వైర్లు దిగే పిన్నుల్లో ఒకదానికీ ఉంది. పాత లెడ్ పూర్తిగా తీసేసి కొత్తది పెట్టాను. పాతదాని మీదే కొత్తది పూస్తే పైకి మెరుస్తుంది, లోపల చీలిక అట్లాగే ఉంటుంది. గోడ పగులు మీద సున్నం కొట్టినట్టు.

కండెన్సర్లు మొత్తం ముప్పై ఎనిమిది మార్చాను. అన్నీ పోయాయా అంటే లేదు. సగం బాగానే ఉండి ఉంటాయి. కానీ ఈ కిట్‌ను ఒకసారి ఊడదీసి మళ్లీ బిగించడమే ఒక యజ్ఞం. వైర్లన్నీ పొట్టిగా ఉంటాయి, జపాన్ వాళ్లు అంగుళం కూడా వదలరు. అందుకే విప్పినప్పుడే అన్నీ. సామాను కోసం హైదరాబాద్ పోయాను, కోఠి గుజరాతీ గల్లీకి. ఇప్పటికీ అక్కడ అడిగిన విలువ చెబితే డబ్బాలోంచి తీసి ఇచ్చేవాళ్లున్నారు. ఒక్కటి చెబుతాను, తెచ్చేటప్పుడు 105 డిగ్రీలు అని రాసి ఉన్నవి తెచ్చుకోండి. 85వి కూడా పని చేస్తాయి, కానీ ఇంత ఇరుకు డబ్బాలో వేడి ఎక్కువ. పెట్టేటప్పుడు ప్లస్ మైనస్ చూసుకోవాలి. అది మీకు చెప్పాల్సిన పని లేదు కానీ, నాకే ఒకటి తిరగబడింది, చివరి తనిఖీలో దొరికింది. కళ్లద్దాలు మార్చాల్సిన టైము వచ్చింది.

ఇక కరెంటు ఇవ్వడం. అప్పుడు కూడా నేరుగా ఇవ్వలేదు. మా షాపుల్లో సిరీస్ బల్బు అని ఒకటి ఉంటుంది. అరవై వాట్ల గుండ్రటి బల్బు. కరెంటు ముందు ఆ బల్బు గుండా పోయి తర్వాతే టీవీలోకి పోతుంది. లోపల షార్ట్ ఉంటే బల్బు భగ్గున వెలుగుతుంది, టీవీకి ఏమీ కాదు. బాగుంటే బల్బు ఒకసారి వెలిగి మసకబారుతుంది. ఇంతకంటే మంచి మీటరు ఇప్పటిదాకా నాకు దొరకలేదు.

స్విచ్ వేశాను. బల్బు వెలిగి, మసకబారింది. మంచిది. కానీ టీవీలో చప్పుడు లేదు, వెలుగు లేదు. ఎల్ఓటీ పని చేస్తోందా? పాత రోజుల్లో అయితే చెవి పెట్టి వినేవాణ్ని. సెకనుకు 25 బొమ్మలు, ఒక్కో బొమ్మకు 625 గీతలు. గుణించండి, 15,625. ట్యూబ్ మీద సెకనుకు అన్ని గీతలు గీస్తుంది ఆ భాగం. అంత వేగంగా గీస్తుంటే ఎల్ఓటీ సన్నగా కూత పెడుతుంది. ఎనభైల్లో పుట్టినవాళ్లకు గుర్తుండాలి, పక్క గదిలో టీవీ వేసినా ఆ సన్న కూత వినిపించేది. నా వయసుకు ఆ కూత వినపడదు. ఏళ్లు మీదపడ్డకొద్దీ చెవి ముందు వదులుకునేవి ఆ సన్న ధ్వనులే. ఏం చేశానో చెప్పనా? మనవణ్ని పిలిచాను. రెండో తరగతి. "టీవీ దగ్గర చెవి పెట్టురా, ఏమన్నా వినిపిస్తోందా?" అన్నాను. ఒక్క క్షణం ఆగి మొహం చిట్లించాడు. "తాతా, దోమలాగ కూస్తోంది" అన్నాడు. అంతే! లైన్ స్టేజ్, అంటే ఆ గీతలు గీసే భాగం, బతికే ఉందన్నమాట. నలభై ఏళ్ల అనుభవం నాది, మీటరు మాత్రం మనవడి చెవి.

ఇంకో నిమిషానికి స్క్రీన్ మీద వెలుగు మొలిచింది. ఊరికే వెలుగు, బొమ్మ లేదు. బొమ్మ ఎక్కడి నుంచి వస్తుంది? గాలిలో ఇప్పుడేముంది? దూరదర్శన్ పాత అనలాగ్ ట్రాన్స్‌మిటర్లు, ఏవో కొన్ని తప్ప, 2022 మార్చికల్లా ఆపేశారు. ఏరియల్ ఎంత లాగినా చుక్కలే. బయటి బొమ్మనూ ధ్వనినీ నేరుగా ఇచ్చే ఏవీ (AV) సాకెట్ కూడా ఈ టీవీకి లేదు. కాబట్టి సెట్‌టాప్ బాక్స్‌కూ దీనికీ మధ్య ఒక మాడ్యులేటర్ పెట్టాలి. చిన్న డబ్బా అది, బొమ్మను పాత చానల్‌గా మార్చి పంపిస్తుంది. కొనేటప్పుడు ఒకటి చూడండి. బొమ్మకూ ధ్వనికీ మధ్య దూరం 5.5 మెగాహెర్ట్జ్ ఉండాలి. అమెరికా వాళ్లది 4.5, చైనా వాళ్లది 6.5. తేడా పడితే బొమ్మ చక్కగా వస్తుంది, ధ్వని మాత్రం బుస్సున గాలి. నేను మొదట కొన్నది అట్లాంటిదే. టీవీలోనే ఐసీ పోయిందనుకుని రెండు రోజులు దాని వెంట పడ్డాను. మరి అనుభవం అని బోర్డు పెట్టుకున్నాం కదా.

గాజు ముక్క

బొమ్మ వచ్చింది, రంగులు కూడా వచ్చాయి. ఇక్కడ ఒక్క నిమిషం ఆగుతాను. ఒక వస్తువు తెచ్చాను, చేతులు మార్చుకుంటూ చూడండి. జాగ్రత్త, గాజు. ఇది వేరే టీవీలోది, పాడైపోయినది. అగ్గిపెట్టె కంటే చిన్న ప్లాస్టిక్ డబ్బా. పై మూత తీసేశాను. లోపల పలుచని గాజు బిళ్ల కనిపిస్తోందా? దీన్ని డీలే లైన్ అంటారు.

ఇదెందుకంటే, పాత అమెరికా పద్ధతిలో దారిలో సిగ్నల్ కొంచెం అటూ ఇటూ అయితే రంగులు మారిపోయేవి. మనిషి మొహం ఒకసారి పచ్చగా, ఒకసారి ఊదాగా. జర్మనీలో వాల్టర్ బ్రుఖ్ అనే ఇంజనీరు దానికి ఒక ఉపాయం పట్టాడు. అదే పాల్. 1967లో అక్కడ ప్రసారాలు మొదలయ్యాయి. ఉపాయం ఏమిటంటే, ఒక గీతలో రంగు అటు జారితే పక్క గీతలో అదే జారుడు ఇటు పడేలా పంపిస్తారు. రెండు గీతలనూ కలిపితే ఆ తప్పూ ఈ తప్పూ కొట్టేసుకుంటాయి. బాగుంది కదా? కానీ కలపాలంటే ముందు గీతను పక్క గీత వచ్చేదాకా ఎక్కడో దాచాలి. ఎంతసేపు? 64 మైక్రోసెకన్లు. సెకనును పది లక్షల ముక్కలు చేస్తే అందులో 64 ముక్కలు. అప్పట్లో చిప్పులూ మెమరీలూ ఎక్కడివి?

అందుకని ఆ సిగ్నల్‌ను గాజులోకి కదలికగా పంపించారు. కరెంటైతే ఈ కొస నుంచి ఆ కొసకు ఒక్క దూకులో పోతుంది. కదలిక అయితే మెల్లగా నడుస్తుంది, బావిలో అరిస్తే మాట తిరిగొచ్చినట్టు. ఆ గాజు బిళ్లలో అంచు నుంచి అంచుకు తగిలి తగిలి, ఒంకరలు పోయి, అటువైపు వచ్చేసరికి సరిగ్గా 64 మైక్రోసెకన్లు. అక్కడ మళ్లీ కరెంటుగా మారుతుంది. ఆ రోజుల్లో మీరు చూసిన కలర్ బొమ్మల్లో దాదాపు ప్రతి గీత రంగూ ఇట్లాంటి గాజు ముక్కలో ఒక చుట్టు తిరిగి వచ్చిందే. టీవీ కింద పడితే ఈ గాజు చిట్లుతుంది. అప్పుడు రంగు చారలు చారలుగా పడుతుంది, కిటికీ తడికలోంచి చూస్తున్నట్టు. చెల్లె వాళ్ల టీవీలో ఇది చెక్కుచెదరలేదు. వాళ్ల బాపు బొంబాయి నుంచి ఎంత భద్రంగా ఒళ్లో పెట్టుకుని తెచ్చాడో మరి.

సరే. బొమ్మ వచ్చింది, రంగు వచ్చింది, ఇక అప్పగించడమే అనుకున్నాను. వార్తల చానల్ పెట్టి చాయ్ తాగుతున్నాను. కింద అక్షరాలు పరుగెడుతుంటాయి కదా, స్క్రోలింగ్. రెండు వైపులా అక్షరాలు బయటికి పోతున్నాయి. బొమ్మ స్క్రీన్ కన్నా పెద్దదైంది. మామూలుగా కొంచెం పోవడం ఉంటుంది, కానీ ఇది చాలా ఎక్కువ. పాతబడ్డ టీవీలో బొమ్మ కుంచించుకుపోతుంది కానీ పెరగడమేమిటి?

మీటరు పెట్టాను. కిట్ మీద టెస్ట్ పాయింట్ పక్కనే కంపెనీ వాళ్లు అచ్చువేశారు, 11 వోల్టులు అని. నాకు 12.4 వస్తోంది. ఆ వోల్టులను సర్దే ప్రీసెట్ ఒకటి ఉంటుంది, చిన్న పసుపు చక్రం. కంపెనీలో సరిచేశాక ఎవరూ కదపకుండా దాని మీద ఎర్ర లక్క చుక్క పెడతారు. ఆ చుక్క పగిలి ఉంది. స్క్రూడ్రైవర్ గీతలున్నాయి. అంటే ఎవడో తిప్పాడు. నాకు కోపం వచ్చింది. "ఎవడు వీడు, తెలివి లేనోడు" అని పైకే అన్నాను. మా ఆవిడ సాక్ష్యం.

మా పనిలో ఒక అలవాటు ఉంది. రిపేరు చేశాక వెనక డబ్బా లోపలి వైపు పెన్సిల్‌తో తేదీ, చేసిన పని రాస్తాం. మళ్లీ వస్తే గుర్తుండాలని. ఈ డబ్బా లోపల అంతా దుమ్ము పట్టి ఉంది, నేను తుడవనే లేదు. తడిగుడ్డతో మెల్లగా తుడిచాను. పెన్సిల్ అక్షరాలు బయటపడ్డాయి. "4/94. విడ్త్ సెట్ చేసిన." కింద ఒక అక్షరం, దాని చుట్టూ సున్నా. ఆ అక్షరం నా పేరులోది. ఆ సున్నా నేనే పెడతాను, ఇప్పటికీ.

తెలివి లేనోడు నేనే.

తర్వాత మెల్లగా గుర్తొచ్చింది. పూర్తిగా కాదు, ఆయన మొహం గుర్తు లేదు. కానీ అప్పుడు నేనేం చేసి ఉంటానో నాకు తెలుసు. 94లో రోజుకు పదీ పన్నెండు టీవీలు వచ్చేవి. ఈ టీవీకి రెండు వైపులా బొమ్మ కుంచించుకుపోయి నల్ల పట్టీలు వచ్చి ఉంటాయి. అసలు రోగం లైన్ స్టేజ్ పక్కనున్న ఒక కండెన్సర్ ఎండిపోవడం. దాన్ని మార్చాలంటే కిట్ మొత్తం ఊడదీయాలి. అరపూట పని. నేను ఏం చేశాను? లక్క పగలగొట్టి ప్రీసెట్ తిప్పాను. వోల్టులు పెరిగాయి, బొమ్మ నిండుగా వచ్చింది. రెండు నిమిషాలు. ఆయన సంతోషంగా డబ్బులిచ్చి వెళ్లాడు. ఇప్పుడు ఆ కండెన్సర్ కొత్తది పెట్టాను కాబట్టి, నేను అప్పుడు దొంగచాటుగా పెంచిన వోల్టులు బయటపడ్డాయి. అందుకే బొమ్మ పొంగింది.

అంతటితో పోతే బాగుండేది. పిక్చర్ ట్యూబ్ లోపల హీటర్ ఉంటుంది, పొయ్యిలాగ. ఆ వేడికే ఎలక్ట్రాన్లు బయటికి వస్తాయి. ఈ టీవీలో ఆ హీటర్‌కు కరెంటు పోయేది ఈ 11 వోల్టుల లైను నుంచే. నేను 12.4 చేశాను. పొయ్యిలో మంట పెంచాను. 94 నుంచి వాళ్లు టీవీ చూసినన్నాళ్లూ ట్యూబ్ మాడుతూనే ఉంది. ఎరుపు గన్ను, అంటే ఎరుపు రంగుకు ఎలక్ట్రాన్లు చిమ్మే భాగం, ముందు బలహీనపడింది. ఇప్పుడు టీవీ వేస్తే మొదటి ఐదారు నిమిషాలు బొమ్మంతా నీలిపచ్చగా ఉంటుంది, ఎరుపు రాదు. తర్వాత వేడెక్కినకొద్దీ మెల్లగా వస్తుంది. అప్పుడు కూడా అందరి పెదాలూ కాస్త పాలిపోయినట్టే ఉంటాయి.

చెల్లెకు ఫోన్ చేసి పిలిపించాను. డబ్బా చూపించాను. మొత్తం చెప్పాను. చెప్పకపోయినా ఎవరికీ తెలియదు, అది నిజమే. తను ఆ అక్షరాల వైపే చాలాసేపు చూసింది. "మా బాపు బాగైందని మస్తు ఖుషీగా వచ్చిండన్నా ఆ రోజు" అంది. "వారం దినాలు నీ గురించే చెప్పిండు." నాకు ఏమనాలో తోచలేదు. చాయ్ తెప్పించాను.

ట్యూబ్‌కు మందు ఉందా అని మీరు అడుగుతారు. ఉంది, మొరటు మందు. బూస్ట్ కొట్టడం అంటాం. హీటర్‌కు కాసేపు ఎక్కువ వోల్టులిచ్చి, గన్నుకు ఒక షాక్ ఇస్తే పైపొర రాలి కొన్నాళ్లు మెరుస్తుంది. కొన్నిసార్లు నెలలు. కొన్నిసార్లు ఆ షాక్‌కే గన్ను పోతుంది. అప్పట్లో చాలా కొట్టాను. ఈ సైజు ట్యూబ్ ఇంకొకటి దొరకదు కాబట్టి, మళ్లీ పొయ్యి మంట పెంచే పని దీని మీద చెయ్యబుద్ధి కాలేదు. ప్రీసెట్‌ను వెనక్కి తిప్పి 11 వోల్టులకు తెచ్చాను. ట్యూబ్ వెనక చిన్న బోర్డు మీద మూడు రంగులకూ వేరు వేరు ప్రీసెట్లు ఉంటాయి. పచ్చనీ నీలాన్నీ కొంచెం తగ్గించాను, ఎరుపుకు సరిపోయేదాకా. బొమ్మ కొంచెం మసకైంది. లైటు ఆర్పి చూస్తే బాగుంటుంది. ఆగండి, వేస్తాను. వెనకవాళ్లు ఆ ట్యూబ్‌లైటు ఆపండి. ఆ... ఇదిగో. ఐదు నిమిషాలు ఓపిక పట్టాలి, చెప్పాను కదా. ఎరుపు రావాలి.

డబ్బులు తీసుకోలేదు. మీరు చేతులు జోడించేంత విషయం కాదది, వారంటీ అనుకోండి. సామాను ఖర్చు మాత్రం తను ఊరుకోలేదు, ఇచ్చేసింది. వెనక డబ్బాకు రంగు వేసి కొత్తదానిలా చేస్తానన్నాను. "వద్దన్నా, లోపల ఆ రాత ఉండనీ" అంది. సరేనని, పాత రాత కిందే తేదీ వేసి, "ప్రీసెట్ ఎనుకకు తిప్పిన" అని రాశాను. అక్షరం చుట్టూ సున్నా కూడా పెట్టాను.

ఎరుపు వస్తోంది, చూడండి, ఆమె చీర అంచు దగ్గర... ముందున్నవాళ్లకు కనిపిస్తోందా? ఇప్పుడు? ఇప్పుడు వచ్చిందా?

ఏమన్నా అడగాలంటే అడగండి. అడిగేముందు ఆ గాజు ముక్క ఎవరి దగ్గరుందో కొంచెం ఇటు పంపించండి తమ్ముడూ, నా దగ్గర ఉన్నది అదొక్కటే.